చెల్లెలి కూతుర్ని దత్తత తీసుకుని అమెరికా తీసుకెళ్లాలంటే: ముందే పత్రం రాయించుకోకండి

మీరు అడిగింది ఇది. మీరిద్దరూ అమెరికా పౌరులు, డల్లాస్‌లో ఉంటున్నారు. విజయవాడలో ఉన్న మీ చెల్లెలి నాలుగేళ్ల కూతుర్ని పెంచుకోవాలనుకుంటున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకుంటే చాలు, దాంతో పాపకు వీసా వచ్చేస్తుందని బంధువుల్లో ఒక పెద్దాయన చెప్పారు. అది నిజమేనా, కాకపోతే శిశుగృహ నుంచి బిడ్డను తెచ్చుకోవడం ఎలా అని మీ ప్రశ్న.

దయచేసి ఆ పత్రం మీద సంతకం పెట్టకండి. మీ చెల్లెల్ని కూడా పెట్టనివ్వకండి. మిగతా జవాబు తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ ఒక్క మాట మాత్రం ఇవాళే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

మాది గుంటూరు, బ్రాడీపేట. పెళ్లయ్యాక న్యూజెర్సీలో స్థిరపడ్డాం, ఇద్దరం అక్కడి పౌరసత్వం తీసుకున్నాం. మా పాపను ఆంధ్రలోనే ఒక శిశుగృహ నుంచి దత్తత తీసుకున్నాం. అప్పట్లో మాకూ ఇదే సలహా వచ్చింది. మా తోటికోడలి రెండో బాబుని రాయించేసుకోండి, ఇంట్లో విషయం ఇంట్లోనే తేలిపోతుంది అన్నారు. పెద్దవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు. వాళ్లు చూసిన దత్తత అదే మరి: పంతులుగారు, హోమం, స్టాంపు పేపర్లు, నలుగురు సాక్షులు.

ఆ దత్తత చెల్లదని కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం ఇండియాలో శుభ్రంగా చెల్లుతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. దేశం దాటే దత్తతల మీద హేగ్ ఒప్పందం ఇండియాలో 2003 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. కాబట్టి అమెరికాలో కాపురం ఉంటున్న పౌరులు ఇక్కడి బిడ్డను తీసుకెళ్లాలంటే దానికో వరస ఉంది. మీరు పెంచడానికి తగినవాళ్లని ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ నుంచి ఐ-800ఏ అనే ఫారం మీద ఆమోదం రావాలి. తర్వాత ఫలానా బిడ్డ కోసం ఐ-800 అనే ఇంకో ఫారం వేసి తాత్కాలిక ఆమోదం తెచ్చుకోవాలి. ఆ తర్వాతే దత్తత. అది రాకముందే దత్తత జరిగిపోతే ఐ-800ని తిరస్కరిస్తారు.

సరే, పత్రం రద్దు చేసుకుని మళ్లీ మొదలుపెడదాం అనుకుంటారేమో. అదే 1956 చట్టంలో 15వ సెక్షన్ చూడండి. సక్రమంగా జరిగిన దత్తతను పెంచుకున్నవాళ్లు గానీ ఇంకెవరైనా గానీ రద్దు చేయడానికి లేదు. అంటే కాగితాల మీద పాప మీ చెల్లెలికి కూతురు కాకుండా పోతుంది, మీ దగ్గరికీ రాలేదు. ఇలా ఇరుక్కున్న కుటుంబం ఒకటి మాకు బాగా తెలుసు. ఆ పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది, దత్తత తీసుకున్న తల్లీతండ్రీ సెలవులకు వచ్చి చూసి వెళ్తుంటారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బంధువుల బిడ్డను తీసుకోవడానికి సరైన దారి వేరే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 60వ సెక్షన్ దీనికోసమే పెట్టారు. ఢిల్లీలో ఉన్న కారా, అంటే దత్తతలన్నీ చూసే కేంద్ర సంస్థ, మీ దరఖాస్తు అందాక ఇక్కడి జిల్లా బాలల సంరక్షణ విభాగం చేత మీ చెల్లెలి కుటుంబం మీద రిపోర్టు రాయిస్తుంది. ఆర్డరు కలెక్టరుగారు ఇస్తారు. 2022 సెప్టెంబరు వరకు ఇది కోర్టు పని, ఇప్పుడు కలెక్టరేట్ పని. ఈ చట్టం లెక్కలో బంధువులంటే బిడ్డ అమ్మానాన్నల తోడబుట్టినవాళ్లు, అమ్మమ్మ తాతయ్యలు, నానమ్మ తాతయ్యలు, అంతే. మీరు పాపకు సొంత పెద్దమ్మ కాబట్టి ఇండియా వైపు మీకు అడ్డేమీ లేదు.

అడ్డమల్లా అమెరికా వైపు. తల్లిదండ్రులిద్దరూ బతికి ఉండి వాళ్లే బిడ్డను ఇస్తున్నప్పుడు, ఆ బిడ్డను సరిగా పెంచే స్థితిలో వాళ్లు లేరని చూపించాలి. అక్కకు పిల్లల్లేరు, ప్రేమతో ఇస్తున్నాం అంటే అక్కడ వినరు. మీ మరిదిగారికి ఉద్యోగం ఉండి, పాప మంచి స్కూలుకి వెళ్తూ ఉంటే ఈ కేసు నిలబడడం చాలా కష్టం. చట్టం ఇలా ఎందుకుందంటే, కన్నవాళ్లు పెంచగలిగిన బిడ్డను దేశం దాటించకూడదన్నది ఆ ఒప్పందం మూలసూత్రం. నాకైతే అది న్యాయంగానే అనిపిస్తుంది. అమెరికా వదిలి ఇండియాలోనే నిజంగా కాపురం పెట్టి, దత్తత తీసుకున్న బిడ్డతో రెండేళ్లు కలిసి ఉన్నవాళ్లకు వేరే పిటిషన్ ఉంది. అలాంటి ఆలోచన ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే ఉద్యోగం వదలండి.

ఇక శిశుగృహ సంగతి. మీరు అమెరికాలో ఉంటారు కాబట్టి కారా వాళ్ల దత్తత వెబ్‌సైటు కేరింగ్స్ పోర్టల్‌లో మీ అంతట మీరు నమోదు చేసుకోలేరు. కారా గుర్తింపు ఉన్న అమెరికా ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. వాళ్లు మీ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు. జీతం, ఆరోగ్యం, పోలీసు రికార్డు మాత్రమే కాదు, మీ ఇద్దరూ గొడవపడితే ఎలా సర్దుకుంటారు అనేదాకా అడుగుతారు. మొదట్లో మా ఆయనకు అది చాలా ఇబ్బందిగా అనిపించింది. బిడ్డను అప్పగించేవాళ్లు ఆమాత్రం అడగాలి కదా అని తర్వాత ఆయనే అన్నారు.

వయసు లెక్క ముందే చూసుకోండి. దంపతులిద్దరి వయసూ కలిపి, రెండేళ్లలోపు బిడ్డకైతే 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్లకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. బంధువుల దత్తతకు ఈ లెక్క లేదు.

ఎలాంటి బిడ్డ వస్తుందన్నది ఎవరూ సూటిగా చెప్పరు, నేను చెప్తాను. దత్తతకు చట్టపరంగా సిద్ధమైన బిడ్డను మొదట ఇండియాలో ఉన్నవాళ్లకు, ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు చూపిస్తారు. 60 రోజుల్లో ఎవరూ ముందుకు రాకపోతేనే విదేశాలకు. అప్పుడు మనలాంటి ఓసీఐ వాళ్లకు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు, ప్రాధాన్యం ఉంటుంది. ఇక్కడ ఎదురుచూసే దంపతులే చాలామంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న నెలల పాప మనదాకా రావడం దాదాపు జరగదు. వచ్చేది ఐదేళ్లు దాటిన పిల్లలు, విడదీయకూడని అక్కాచెల్లెళ్లు, ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలు. దానికి మనసు సిద్ధంగా ఉంటేనే మొదలుపెట్టండి.

మా పాప గ్రహణం మొర్రితో పుట్టింది. మాకు ఫైలు వచ్చేసరికే పెదవికి ఆపరేషన్ అయింది, అంగిలి సంగతి రిపోర్టులో ఒక్క ముక్కలో ఉంది. ఆ ఫైలు అందగానే అమెరికాలో దత్తత పిల్లల ఫైళ్లు చూడడం అలవాటున్న పిల్లల డాక్టరుకు చూపించాం. ఇంకో ఆపరేషన్, స్పీచ్ థెరపీ తప్పవని ఆమె చెప్పారు. మా ఇన్సూరెన్స్‌లో అవి వస్తాయో లేదో కనుక్కుని, అప్పుడు ఒప్పుకుంటూ సంతకాలు చేశాం. ఫైలు చూసి ఏడ్చేసి వెంటనే ఓకే చెప్పేవాళ్లుంటారు. ప్రేమ ఎలాగూ ఉంటుంది, ఆ రెండు మూడు విషయాలు కనుక్కోవడం బిడ్డకే మంచిది.

సంతకాల తర్వాత ఐ-800, ఈ దత్తత ముందుకు సాగొచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చే హేగ్ ఒప్పందం ఐదో అధికరణం లెటరు, కారా నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), కలెక్టరు ఆర్డరు, మీ పేర్లతో కొత్త బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, హేగ్ ప్రకారం జరిగిందని కారా ఇచ్చే సర్టిఫికెట్, చివరికి దత్తత పూర్తయిన బిడ్డకు ఇచ్చే ఐహెచ్-3 వీసా. ఈ వరసలో ఒకటి ఆగితే తర్వాతవన్నీ ఆగుతాయి. కలెక్టరు రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది. మొత్తం ఎంతకాలం అంటే, ఏళ్లలోనే ఆలోచించండి.

కాగితాల్లో అసలు తలనొప్పి మన ఇంటిపేర్లు. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, అమెరికా పాస్‌పోర్టులో పూర్తిగా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. అవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ముందే చేయించి, అమెరికాలో తయారైన ప్రతి కాగితానికీ అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించి పెట్టుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేర్లు ఏ స్పెల్లింగ్‌తో వస్తే పాస్‌పోర్టు దగ్గర అదే అడుగుతారు. సంతకం పెట్టే ముందు అక్షరం అక్షరం చదవండి.

డబ్బు విషయం. శిశుగృహకు కట్టే ఫీజు 5,000 డాలర్లు, దానికి రసీదు ఇస్తారు. అమెరికా ఏజెన్సీ ఫీజులు, ప్రయాణాలు వేరు. ఇక్కడ ఇంకెవరి చేతిలోనూ ఏమీ పెట్టాల్సిన పని లేదు. మేం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసే ఆవిడ మా అమ్మకు ఫోన్ చేసింది. పుట్టగానే మీ అమ్మాయి పేరు మీదే బర్త్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు అని. మీకూ ఇలాంటి ఫోన్ రావచ్చు. అది పిల్లల్ని అమ్మడం. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద కొన్నవాళ్లకూ ఐదేళ్ల దాకా జైలు, ఆస్పత్రి మనుషులైతే మూడు నుంచి ఏడేళ్లు. ఏదో ఒక తల్లిని మోసం చేయకుండా అలాంటి బిడ్డ రాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి.

ఎన్‌వోసీ వచ్చాక, ఆర్డరు కోసం ఆగకుండా బిడ్డను ముందస్తు పోషణ కింద ఇంటికి తెచ్చుకోవచ్చు. మేం అలాగే గుంటూరులో అమ్మ ఇంటికి తెచ్చుకున్నాం. అంతకుముందు ఏజెన్సీ ద్వారా ఫొటో ఆల్బమ్ పంపాం. అందులో న్యూజెర్సీ ఇంటి ఫొటోలతో పాటు బ్రాడీపేట ఇల్లు కూడా పెట్టమని ఏజెన్సీ సోషల్ వర్కర్ చెప్పడం ఎంత మంచిదైందో. గేటు తీయగానే పాప అడిగిన మొదటి మాట, "తులసికోట ఏదీ?" అని. శిశుగృహలో ఆయాలు ఆ ఆల్బమ్ రోజూ చూపించారట. వాళ్ల రుణం ఎప్పటికీ తీరదు.

మొదట్లో అన్నం తినడం అయిపోగానే కంచం పట్టుకుని వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడేది. ఎందుకలా అంటే చెప్పేది కాదు, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసేది. కంచాలు కడగడానికి వరసలో నిలబడుతోందని, వెనక ఇంకెవరూ ఎందుకు లేరో దానికి అర్థం కావడం లేదని అమ్మే కనిపెట్టింది. తనూ ఒక కంచం పట్టుకెళ్లి దాని వెనక నిలబడేది. ఆ రోజుల్లో పాప భాష మాకు రావడం, మా భాష పాపకు రావడం ఎంత అదృష్టమో చెప్పలేను. పెదవి మీద మచ్చ గురించి పక్కింటివాళ్లు, చుట్టాలు పిల్ల ముందే అడుగుతారు. ఏం చెప్పాలో ఇంట్లో అందరూ ముందే అనుకుని ఉండండి. రాగానే పదిమందిని పిలిచి వేడుక చేయకండి, కొన్ని వారాలు ఆగండి.

అమెరికా వెళ్లాక రెండేళ్లు ఫాలో అప్ రిపోర్టులు ఉంటాయి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. ఐహెచ్-3 మీద దిగగానే బిడ్డకు అమెరికా పౌరసత్వం వచ్చేస్తుంది కాబట్టి, ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ తీసుకోవాలి. ఈ పని వాయిదా వేస్తే తర్వాతి సెలవుల ప్రయాణం దగ్గర ఇరుక్కుంటారు.

మీ ప్రశ్నలో ఒక సంగతి లేదు. మీ మరిదిగారు ఏం చేస్తారు, ఇంట్లో ఇంకా ఎంతమంది పిల్లలు, ఆరోగ్యాలు ఎలా ఉన్నాయి? చెల్లెలి పాప విషయంలో ముందుకు వెళ్లాలా, శిశుగృహ వైపు చూడాలా అన్నది దాని మీదే ఉంటుంది, లాయరు కూడా మొదట అదే అడుగుతారు. వీలైతే అది రాయండి. ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు మేం వాళ్లను ఏమేం అడిగామో దాన్నిబట్టి వివరంగా చెప్తాను.