బడిలో నిమిషం మౌనం: అది ప్రార్థనేనా?

ప్రశ్న: మాది మలక్‌పేటలో సర్కారు హైస్కూలు. అసెంబ్లీలో ప్రార్థన గీతానికి బదులు నిమిషం మౌనం పెడదామంటే కొందరు టీచర్లు ‘అదీ ప్రార్థనే’ అంటున్నారు. తల్లిదండ్రులేమో ‘ప్రార్థన ఎందుకు తీసేస్తారు’ అంటున్నారు. ఏం చేయాలి? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధన కూడదని రాజ్యాంగం 28(1) అధికరణం చెబుతోంది. ప్రార్థన గీతం దాని కిందికి వస్తుందా అన్నది ఇంకా వాదనలో ఉన్న విషయమే. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనపై వేసిన పిటిషన్‌ను 2019లో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి పంపింది.

మౌనంతో ఆ చిక్కు లేదు, మైకులో నోరు జారనంతవరకు. అమెరికాలోని అలబామా 1978లో బడుల్లో ‘ధ్యానానికి’ నిమిషం మౌనం పెట్టింది. 1981లో దానికి ‘లేదా స్వచ్ఛంద ప్రార్థనకు’ అని తగిలించింది. 1985లో అక్కడి సుప్రీంకోర్టు ఆ రెండో చట్టాన్నే కొట్టేసింది.

కాబట్టి ‘నిమిషంసేపు మాట్లాడకుండా ఉందాం’ అని ఊరుకోండి. చేతులు జోడించమని, కళ్ళు మూసుకోమని చెప్పొద్దు. మీరు జోడించినా పిల్లలు అదే రూలనుకుంటారు. అగరుబత్తి, పటం, ఓంకారం ఏవీ వద్దు. అసెంబ్లీ ఎండలో కంటే మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకున్నాక పెడితే మేలు. ఆరో తరగతికి అర నిమిషం చాలు. అంతకు మించితే కిసుక్కుమంటారు, మొదటి వారం అది మామూలే. క్లాస్ లీడర్ చేత కదిలినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించే అలవాటుంటే మాత్రం ఆపించండి. మౌనం శిక్షగా మారేది అక్కడే.

ప్రశ్న: మా బాబు చదివే ప్రైవేటు బడిలో రోజూ మతప్రార్థన తప్పనిసరి. వద్దనొచ్చా? – ఒక తండ్రి, మెహదీపట్నం

జవాబు: నిక్షేపంగా. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న బడికి రాజ్యాంగం 28(3) అధికరణం వర్తిస్తుంది. మైనర్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ప్రార్థనకు రమ్మని బలవంతపెట్టకూడదు. గౌరవంగా నిలబడి జాతీయ గీతం పాడని పిల్లలను బడి నుంచి తీసేయడమే తప్పని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నోటిమాటగా అడిగితే మరుగున పడుతుంది. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ పది నిమిషాలు బాబు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు చూసుకుంటారు అన్నదీ అందులోనే అడగండి. లేకపోతే ‘లేటు’ కింద రాస్తారు. జవాబు రాకపోతే ఆ ముద్ర ప్రతితో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.