చీటీ మీద ‘ఇంపెటిజినైజ్డ్’ అని రాసిండ్లు, అంటే ఏంది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది హన్మకొండ. మా బాబుకు 4 ఏండ్లు. నెల రోజుల సంది రాత్రయితే ఒకటే గోకుతాండు, వేళ్ల సందులల్ల, నడుము కాడ చిన్న పొక్కులు. ఇప్పుడవి పుండ్లయి పసుపు రంగు పక్కు కడుతానయ్. స్కిన్ డాక్టర్ ‘ఇంపెటిజినైజ్డ్ స్కేబీస్’ అని రాసి ఇంట్ల అందరికీ గజ్జి మందు ఇచ్చిండ్లు. ఫోన్ల చూస్తే ‘ఇంపెటిజినస్’ అని ఇంకో మాట వస్తాంది. రెండు ఒకటేనా? పక్కింటోళ్లేమో అమ్మవారు పోసింది, మందులు వెయ్యొద్దు అంటాండ్లు. పుండ్లు ఎండితే చాలు గదా, మాకెందుకు మందు?

జవాబు: చెల్లె, చీటీ మీద రెండు మాటలున్నయ్, రెండిట్ల వెనుకదే అసలు రోగం. స్కేబీస్ అంటే మన గజ్జి, కంటికి సరిగ్గ కనబడనంత సన్నటి పురుగు తోలు లోపల బొర్రెలు చేస్కొని ఉంటది, అందుకే రాత్రిపూట అంత దురద. బాబు గోకి గోకి తోలు చీరుకపోయింది, అక్కడికెళ్లి స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా లోపలికి పోయి చీము పట్టిచ్చినయ్. ఆ చీము పుండ్ల రోగం పేరే ఇంపెటైగో. లాటిన్‌ల ‘మీద పడుడు, దాడి చేసుడు’ అనే మాట నుంచి వచ్చింది.

పుండు ఆ తీరుగ ఉంటే, అంటే తేనె ఎండి అంటుకున్నట్టు పక్కు కడితే, దాన్ని ఇంపెటిజినస్ అంటం. ముందుగాల గజ్జో, ఎగ్జిమానో (తోలు ఎర్రగయి దురద పెట్టే ఇంకో రోగం) ఉండి దాని మీదికి ఇది వస్తే ఇంపెటిజినైజ్డ్. మేము రాసేటప్పుడు ఒకదాని జాగల ఇంకోటి కూడ రాస్తుంటం, దానికి పరేషాన్ కాకు.

పుండ్లకు ఒక్కదానికే ఆయింట్‌మెంట్ రాస్తే అవి ఎండుతయ్, కని పురుగు అట్లనే ఉంటది, బాబు మళ్ల గోకుతడు, మళ్ల పుండ్లు. ఒకరికి దురద లేకున్నా పురుగు ఉండొచ్చు, మొదటిసారి అంటుకుంటే దురద మొదలయ్యేటందుకే కొన్ని వారాలు పడతది, అందుకే ఇంటిల్లిపాది ఒక్కటే రాత్రి పూసుకోవాలె. సాధారణంగ 5 శాతం పర్మెత్రిన్ అనే గజ్జి క్రీము ఇస్తరు, మెడ నుంచి అరికాళ్ల దాక పూసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలె, వారం అయినంక ఇంకోసారి పూయాలె. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లల్ల ఉతుకు, బాబు తువ్వాల వేరే పెట్టు, గోర్లు తియ్యి.

అమ్మవారు గాదు తల్లీ ఇది. అమ్మవారికి జ్వరం వస్తది, ఛాతి, వీపు మీద నీటి పొక్కులు లేస్తయ్, నెల రోజులు వేళ్ల సందులల్ల ఉండదు. ఇంకొక్కటి చేతులు జోడించి చెప్తాన, మెడికల్ షాపుల అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి పుయ్యకు, రెండు రోజులు తగ్గినట్టే ఉంటది, లోపల గజ్జి ఇంకా పెరుగుతది.

స్ట్రెప్టోకాకస్ పుండ్లు మానినంక కూడ, 3 నుంచి 6 వారాల లోపల కొందరు పిల్లలకు కిడ్నీ వాస్తది. పొద్దున లేచేసరికి మొహం, కండ్లు ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ లెక్క వచ్చినా, తక్కువ వచ్చినా ఆ రోజే వరంగల్ ఎంజీఎం దవాఖానకు గాని దగ్గర్ల ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికి గాని తీస్కపో, ఈ పుండ్ల సంగతి తప్పకుండ చెప్పు. అంగన్‌వాడీకి మాత్రం పర్మెత్రిన్ ఒకసారి పూసి, పుండ్లకు యాంటీబయాటిక్ (బ్యాక్టీరియాను చంపే మందు) మొదలువెట్టి 24 గంటలు అయినంకనే పంపు.