అమ్మగారి భుజం పట్టేసింది, ఫిజియోథెరపీ మానేయాలా?

మీ అమ్మగారికి షుగర్ ఉంది, ఎడమ భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేకపోతున్నారు, నాలుగు రోజులు ఫిజియోకి వెళ్తే నొప్పి పెరిగిందని మానేశారు అన్నారు కదా. మానకండి, మోతాదు తగ్గించండి. ఇలా భుజం పట్టేయడాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, ఇందులో కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర మందమెక్కి బిగుసుకుపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. ఫిజియో దగ్గర కరెంటు మిషన్ పెడితే కాసేపు హాయిగా ఉంటుంది, అంతే. ఆ పొరని సాగదీసేది రోజూ చేసే కదలికే.

ముందు పది నిమిషాలు గోరువెచ్చగా కాపడం (మరీ వేడి వద్దు, షుగర్ వాళ్లకి చర్మం కాలినా ఒక్కోసారి తెలియదు). తర్వాత బాగున్న చెయ్యి టేబుల్ మీద ఆనించి, ముందుకి వంగి, నొప్పి చెయ్యిని బావిలో చేదలా వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టమనండి. ఆపైన గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, ఎక్కడిదాకా వెళ్లిందో రోజూ పెన్సిల్‌తో గీత పెట్టండి, మా అత్తయ్య ఇంట్లో ఆ గోడ స్కేలులా తయారైంది!

చేశాక గంటలో నొప్పి సర్దుకుంటే పర్లేదు, మర్నాటికీ సలుపుతుంటే సగానికి తగ్గించమని ఫిజియోకే చెప్పండి. రాత్రి నిద్రపట్టనంత నొప్పైతే డాక్టర్‌ని స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అడగండి, కాకపోతే దాంతో కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకోవాలి. నెలలు పడుతుందండి, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.