అధికారులు మాట్లాడకపోతే ఫైలు వెంట వెళ్లండి

బెంగళూరులో ఖాతా (ఆస్తి పన్ను రికార్డులో యజమాని పేరు) బదిలీ విధానంపై మీరు చేస్తున్న ఫీల్డ్‌వర్క్‌కి అధికారులు ఇంటర్వ్యూ ఇవ్వడం లేదన్నారు కదా. ఇచ్చినా చాలామంది సర్క్యులర్‌లో ఉన్నదే అప్పజెబుతారు. అధికారంలో ఉన్నవాళ్లను అధ్యయనం చేయమని అమెరికన్ ఆంత్రోపాలజిస్టు లారా నేడర్ 1972లో వాదించినప్పుడే, గుమ్మం దగ్గర ఆపేస్తే పత్రాలు చదవమన్నారు.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద ఫైలు చూసి నోట్సు రాసుకోవచ్చు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయంపై, 150 పదాల్లోపు ఉండాలి, దాటితే చిక్కే. ఎవరిదో ఖాతా ఫైలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. సర్క్యులర్ తయారైన ఫైలు, నోట్ షీట్లతో (అధికారులు ఫైలులో తమ అభిప్రాయాలు రాసే పేజీలు) సహా అడగండి. ఎవరు ఏం రాశారు, ఎవరు కొట్టేశారు, ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఆగింది, అసలు సరుకంతా అక్కడే.

ఈలోగా ఆఫీసు బయట ఫారాలు నింపే ఏజెంట్ల పక్కన కూర్చోండి. ఏ కాగితం ఎందుకు వెనక్కొస్తుందో వాళ్లకు బాగా తెలుసు. వాళ్ల పేర్లు మాత్రం నోట్సులో కూడా మార్చే రాయండి, బయటపడితే పోయేది వాళ్ల పొట్టకూడే.