ఓడ ట్యాంకుల్లో వలస వచ్చే జీవులు

ప్రశ్న: సరుకు దించేసిన ఓడలు నిలకడ కోసం సముద్రపు నీళ్లు నింపుకుని, ఇంకో రేవులో ఆ నీళ్లు వదిలేస్తాయని, వాటితో పాటు కొత్త జీవులు చేరి నష్టం చేస్తున్నాయని చదివాను. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి కదా, ఓడ తేకపోయినా అవి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవేగా? దారిలో నీళ్లు మార్చేస్తే సరిపోదా?

జవాబు: చాలావరకు రాలేవండీ. తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలో బతికేవాటికి నడిసముద్రం దాటడం చాలా కష్టం. అక్కడ ఉప్పదనం, వేడి, తిండి అన్నీ వేరు, పైగా చాలా జీవుల పిల్ల దశ కొన్ని వారాల్లోనే అయిపోతుంది. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బల్లాస్ట్ ట్యాంకులో పడ్డాయంటే మాత్రం ఆ దూరమంతా ఓడే దాటించేస్తుంది.

కొత్తచోట వాటిని తినేవి లేకపోతే ఇక పట్టపగ్గాలుండవు. అమెరికా ఖండాల అట్లాంటిక్ తీరానికి చెందిన నెమియాప్సిస్ అనే జెల్లీలాంటి జీవి 1980ల మొదట్లో నల్ల సముద్రంలో బయటపడింది. చేపలకు తిండి అయ్యే చిన్న చిన్న జీవుల్నీ, చేపల గుడ్లనూ, పిల్లల్నీ అదే తినేసింది. ఆ దశాబ్దం చివరికల్లా అక్కడ ఆంకోవీ చేపల వేట కుప్పకూలింది (అతిగా వేటాడటం కూడా కారణమే, మొత్తం తప్పు జెల్లీ మీదే వేయలేం). 1997లో దాన్ని తినే బెరోయి అనే మరో జెల్లీ అక్కడికి చేరాక గానీ దాని ఉధృతి తగ్గలేదు. అది కేవలం అదృష్టం. అలాంటి అదృష్టం ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్‌కి దక్కలేదు, అక్కడ 1988లో కనిపించిన జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్ల జీవి మంచినీటి పైపులకు గుత్తులుగా అంటుకుపోయి ఇప్పటికీ వదలడం లేదు.

ఇక నీళ్లు మార్చడం గురించి. సాధారణంగా తీరానికి 200 నాటికల్ మైళ్ల అవతల మార్చాలన్న పద్ధతి ఉంది, అది కొంత పనిచేస్తుంది కూడా. కానీ ట్యాంకు అడుగున పేరుకున్న బురద పూర్తిగా పోదు, గుడ్లూ విత్తనాల్లాంటి సిస్టులూ అందులోనే దాక్కుంటాయి, పైగా సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు నీళ్లు మార్చడం ఓడకే ప్రమాదం. అందుకే 2004లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం నీటిని శుద్ధి చేశాకే వదలమంటోంది. ముందు వడకట్టి, తర్వాత అతినీలలోహిత కాంతితోనో క్లోరిన్‌తోనో చంపుతారు. వదిలే ఘనపు మీటరు నీటిలో 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు), అంతకన్నా పెద్దవైన బతికున్న జీవులు 10 కంటే తక్కువే ఉండాలి. ఓడలు దీన్ని పాటించడానికి ఆఖరి గడువు 2024 సెప్టెంబరు 8తో ముగిసింది కాబట్టి, ఇకపై రేవుల్లో ఓడవాళ్లు రాసుకున్న రికార్డు పుస్తకం చూసి సరేననకుండా నీటి నమూనా తీసి పరీక్షించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.