కార్గిల్ జవాను బొమ్మకు ఏ ప్రింటు వేయాలి?

1999 కార్గిల్ జవాను బొమ్మలో యూనిఫాంకు చిన్న చిన్న చదరాల డిజిటల్ ప్రింటు వేశారు కదండీ, ఏదో తేడాగా ఉందన్న మీ అనుమానం నిజమే. ఆ డిజైన్ అప్పటికి పుట్టనే లేదు. మన సైన్యం దాన్ని మొదటిసారి చూపించింది 2022 జనవరి 15న, ఆర్మీ డే పరేడ్‌లో. పారాచూట్ రెజిమెంట్ కమాండోలు వేసుకొచ్చారు. తయారీలో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ సాయం చేసింది. రంగులు ఆలివ్, మట్టి ఛాయలు. చొక్కా ప్యాంటులోకి దోపక్కర్లేదు.

కార్గిల్ కాలానికైతే కుంచెతో ఈడ్చినట్టుండే ఆకుపచ్చ, గోధుమ రంగు మరకలు వేయండి. గీయడానికి అదే తేలిక కూడా. ఆ చదరాలన్నీ చెరపడం విసుగే, కానీ పాత ఫొటోలు చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నాటకం కోసం కొత్త ప్రింటు గుడ్డ కొందామన్నారు, ఆ ఆలోచన మానుకోండి. ఆ డిజైన్ హక్కులు సైన్యం పేరున రిజిస్టరయ్యాయి. 2022 అక్టోబరు 21 నాటి పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రకటన కూడా వచ్చింది. అనుమతి లేకుండా బయట తయారుచేసి అమ్మడం చట్టవిరుద్ధం. దుకాణంవాడు ‘ఏం కాదు’ అన్నాడంటారా, వాడు అలాగే అంటాడు లెండి. మామూలు ఆకుపచ్చ గుడ్డ మీద మీరే మరకలు అద్దుకోండి.