స్కాన్ తీస్తే ఓసీడీ తేలిపోతుందా?

ప్రశ్న: నా వయసు 27. గడియ పెట్టానా, స్టవ్ కట్టేశానా అని పదే పదే చూసుకోవడంతోనే రోజూ రెండు గంటలు పోతున్నాయి. సైకియాట్రిస్ట్ మాట్లాడి ఓసీడీ అన్నారు, సెర్ట్రలిన్ రాశారు. ఏ పరీక్షా చేయకుండా ఎలా చెప్పగలరు? మెదడు ఎంఆర్‌ఐని ఏఐతో చూసి ఓసీడీని పట్టేస్తున్నారని చదివాను. తీయించుకోమంటారా?

డాక్టర్ సలహా: అవసరం లేదండీ. ఓసీడీని ఇప్పటికీ మాట్లాడే నిర్ధారిస్తారు. వద్దన్నా వచ్చే ఆలోచనలేంటి, వాటి వల్ల మీరు పదే పదే ఏం చేస్తున్నారు, అందుకు రోజుకు గంటకు పైగా పోతోందా, పనులు దెబ్బతింటున్నాయా అని అడుగుతారు. తీవ్రతను యేల్-బ్రౌన్ స్కేల్‌లోని 10 ప్రశ్నలతో కొలుస్తారు.

మీరు చదివింది ఉత్తి మాటేం కాదు. ఓసీడీలో మెదడు ముందు భాగాన్నీ, లోపలి స్ట్రయాటం, థాలమస్‌లనూ కలిపే సర్క్యూట్ పనితీరు తేడాగా ఉంటుంది. కాకపోతే అది చాలామంది స్కాన్లు కలిపి సగటు తీస్తే కనిపించే తేడా. ఒక్కరి ఎంఆర్‌ఐ తీస్తే సాధారణంగా నార్మల్ అనే రిపోర్టు వస్తుంది.

ఇక ఏఐ సంగతి. చిన్న అధ్యయనాల్లో బాగానే పట్టేసింది. ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 2020లో 2,300 మందికి పైగా ఓసీడీ పేషెంట్ల స్కాన్లను, 2,000 మందికి పైగా ఆరోగ్యవంతుల స్కాన్లతో కలిపి పరీక్షించింది. అంతకుముందు చూడని సెంటర్ స్కాన్లు ఇచ్చేసరికి ఏఐ జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. మందులు వాడుతున్నవారిని మాత్రం కాస్త బాగా గుర్తుపట్టింది. మరి అది పట్టింది జబ్బునా, మందు ప్రభావాన్నా? పైగా ఇవి ఆరోగ్యవంతులతో పోల్చినవి. మాకు క్లినిక్‌లో ఎదురయ్యే చిక్కు వేరు: ఇది ఓసీడీయా, డిప్రెషనా, ఆందోళన జబ్బా అన్నది తేల్చుకోవాలి.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. డాక్టర్ చెప్పినా స్కాన్‌తో ఖాయం చేసుకోవాలన్న ఈ ఆరాటం కూడా ఓసీడీ పెట్టే అనుమానమే కావచ్చు. రిపోర్టుతో కొన్నాళ్లు ఊరట, ఆ తర్వాత రిపోర్టు మీదే అనుమానం!

స్కాన్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. 50 దాటాక లక్షణాలు మొదటిసారి కనిపించినా, వాటితోపాటు ఫిట్స్, కాలూ చేయీ బలహీనపడడం లాంటివి ఉన్నా రాస్తాం. మీరు రాసినదాంట్లో అలాంటివేవీ లేవు.

స్కాన్‌కు పెట్టే ఖర్చేదో ఈఆర్‌పీ అనే థెరపీకి పెట్టండి. చెక్ చేయాలనిపించినా చేయకుండా, టెన్షన్ దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవడం అందులో నేర్పిస్తారు. మందు గుణం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదట్లో వికారం, నిద్రలో తేడా వస్తే డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.